మీకు తెలుసా? పరపతి అంటే పేరు, పరపతి అంటే అప్పు

పామర్రు చుట్టుపక్కల ఏ ఊళ్లోకి వెళ్లినా ఎరువుల గోడౌను పక్కన ఒక బోర్డు కనిపిస్తుంది: ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. జనం నోట్లో అది ‘సొసైటీ’యే. ఆ బోర్డులో ‘పరపతి’ అనే మాట దగ్గర ఎప్పుడైనా ఆగారా? అక్కడ దాని అర్థం అప్పు. అదే మాట నాలుగడుగులు దాటి రామాలయం అరుగు మీద వాడితే అర్థం వేరు. ‘ఆయనకి ఊళ్లో పరపతి ఉంది’ అంటే ఆయన మాట నలుగురూ వింటారని. పేరునీ అప్పునీ ఒకే మాటతో పిలుస్తున్నాం మనం. తెలిసే పెట్టారో, అలా కుదిరిందో గానీ, వ్యాపారంలో నమ్మకం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవాళ్లు ఈ ఒక్క మాట వింటే కాస్త సిగ్గుపడతారు.

ఈ సంఘాల మూలం వెతుక్కుంటూ వెళితే జర్మనీ తేలుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి పల్లెలకు మేయరుగా పనిచేసిన రైఫైజన్ అనే ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఊరికొక సంఘం, సభ్యులంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే అయి ఉండాలి, ఒకడు ఎగ్గొడితే మిగిలినవాళ్లంతా తమ యావదాస్తితో బాధ్యులు. బాధ్యతకు హద్దు లేదు కాబట్టి, పక్కవాడు అప్పు తీసుకెళ్లి ఏం చేస్తున్నాడో అందరూ ఓ కన్నేసి ఉంచేవాళ్లు. మద్రాసు ప్రభుత్వం పంపితే ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి యూరప్‌లో ఇవన్నీ చూసొచ్చి 1895లో నివేదిక ఇచ్చాడు. దాని వెనకాలే 1904లో మన దేశానికి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది.

సాక్షిని చట్టం అడగదు

ప్రామిసరీ నోటు మీద సాక్షి సంతకం ఉండి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. ఈ మాట చెబితే మా వైపు పెద్దలు నమ్మరు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అడిగేది కొంచెమే. ఫలానా వారికి ఫలానా మొత్తం షరతులు లేకుండా చెల్లిస్తానని రాతలో ఉండాలి, రాసిచ్చినవాడు సంతకం పెట్టాలి. రెవెన్యూ స్టాంపు అతికించమనేది స్టాంపుల చట్టం. అంతటితో సరి. పైగా ఆ 1881 చట్టంలోనే 118వ సెక్షన్ నోటు పక్షాన నిలబడుతుంది. సంతకం తనదేనని తేలాక, డబ్బు ముట్టలేదని వాదించేవాడే దాన్ని రుజువు చేసుకోవాలి. అప్పటిదాకా డబ్బు చేతులు మారిందనే కోర్టు అనుకుంటుంది.

మరి సాక్షులెందుకు? నోటు రాసే తీరు దగ్గరనుంచి చూస్తే తెలుస్తుంది. టీకొట్టు బల్ల మీద తెల్లకాగితం పరుస్తారు. రాసేవాడు పైన తేదీ వేసి, ‘నా కుటుంబ ఖర్చుల నిమిత్తం’ అని మొదలుపెడతాడు. వడ్డీ ‘నెల ఒకటికి నూటికి రూ. 1.50’ అంటాడు. ‘మీరు కోరినప్పుడు మీకు గాని మీ ఆర్డరు పొందినవారికి గాని’ అసలూ వడ్డీ చెల్లించగలవాడనని ముగిస్తాడు. నాలిక మీద తడిపి స్టాంపు అంటిస్తాడు. అప్పు తీసుకునేవాడు స్టాంపు మీదుగా సంతకం గీస్తాడు. కింద ఎడం పక్కన సాక్షులిద్దరి పేర్లు. ఆ కిందనే ‘దస్తూరి’ అని రాసినవాడి పేరు. ఇదంతా అయ్యాక డబ్బు లెక్కపెట్టడం మొదలవుతుంది, సాక్షుల కళ్లెదుటే. ఒకటికి రెండుసార్లు. లెక్క అయ్యేదాకా ఎవరూ టీ ముట్టరు.

కోర్టుకెళితే సాక్షి పనికొస్తాడు, నిజమే. కానీ నోట్లలో ఎన్ని కోర్టుకెళతాయి? సాక్షి అసలు పని కోర్టుకు ముందే మొదలవుతుంది. కిస్తీ దాటితే అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాడి గుమ్మం తొక్కడు. ముందు సాక్షి ఇంటికి వెళ్లి మంచినీళ్లు తాగుతాడు. ‘ఏం బావా, మీ వాడు కనపడటం లేదు’ అంటాడు. చాలు. ఆ సాయంత్రమే కబురు వెళుతుంది.

మా నాన్నని సాక్షి సంతకానికి తరచూ పిలిచేవాళ్లు. పెట్టకూడదనుకుంటే కాదని అనేవాడు కాదు. జేబు తడుముకుని ‘కళ్లజోడు ఇంట్లో మర్చిపోయొచ్చాన్రా’ అనేవాడు. ఆ మాట విన్న అప్పిచ్చేవాడు డబ్బు కట్ట తిరిగి సంచిలో పెట్టుకునేవాడు. కాగితం అక్కడే ఉండేది, స్టాంపు ఉండేది, సంతకం పెట్టే చేతికి కూడా లోటు లేదు.

‘కుటుంబ ఖర్చుల నిమిత్తం’ అన్న ముక్క ఊరికే రాయరు. ఉమ్మడి కుటుంబంలో యజమాని తన సరదాకి చేసిన అప్పు వేరు, ఇంటి అవసరానికి చేసిన అప్పు వేరు. రెండోదైతే ఉమ్మడి ఆస్తి దానికి కట్టుబడుతుంది. ఆ తేడా తెలిసిన దస్తూరి పెళ్లికిచ్చినా పేకాటకిచ్చినా అదే రాస్తాడు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న పాత నియమాన్ని ఆధారం చేసుకుని కొడుకు మీదకి వెళ్లే హక్కును 2005లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ తీసేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు అది వర్తిస్తుంది. తండ్రి ఆస్తి వారసత్వంగా వస్తే ఆ మేరకు బాధ్యత తప్పదనుకోండి, ఒక్క ధర్మం పేరు చెప్పి కొడుకును కోర్టుకీడ్చడం మాత్రం కుదరదు. మా ఊళ్లలో కొడుకులు ఇప్పటికీ తీరుస్తూనే ఉన్నారు. 2005 సంగతి వాళ్లకి తెలీక కొంత, పెదకర్మ రోజున వచ్చి కూచునే సాక్షి మొహం చూడాల్సి రావడం వల్ల కొంత.

షావుకారు అన్న మాట మూలంలో ‘సాధు’ ఉంది. సాధుకారుడు సాహుకారై, షావుకారయ్యాడు. నిజాయితీగలవాడనే అర్థంతో బయల్దేరిన మాట వడ్డీలవాడి దగ్గరికొచ్చి ఆగింది. విజయా వారి మొదటి సినిమా పేరూ అదే, 1950లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చింది. అందులో కథానాయకుడు ఎన్.టి. రామారావు పుట్టిన నిమ్మకూరు పామర్రు మండలంలోనిదే. అందులో నటించిన జానకి గారికైతే ఆ సినిమా పేరే ఇంటిపేరు అయింది.

రాయకపోవడంలోనే ఉంది

కృష్ణా డెల్టాలో అన్నిటికంటే పెద్ద లావాదేవీకి కాగితం ఉండదు. అది కౌలు.

ఐదెకరాల ఆసామి హైదరాబాదులోనో, ఆయన కొడుకుతో పాటు అమెరికాలోనో ఉంటాడు. పొలం కౌలుకి తీసుకున్నవాడు ఇక్కడ ఉంటాడు. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట. బస్తా అంటే డెబ్బై ఐదు కిలోలు. సార్వాలో వరి, వరి కోతకు ముందే ఆ తడిలో మినుములు చల్లుకోవడం, సంక్రాంతికి ఆసామి వస్తే లెక్క చూసుకోవడం. లెక్క అరుగు మీదే అయిపోతుంది. వెళ్లేటప్పుడు కారు డిక్కీలో ఒక బియ్యం బస్తా, మినప్పప్పు సంచి ఎక్కుతాయి, అవి లెక్కలోవి కావు. లక్షల రూపాయల పంట, ఏళ్ల తరబడి సంబంధం, చిత్తుకాగితం కూడా లేదు.

ఇంత నమ్మకమా అని మురిసిపోయే ముందు ఇంకో సంగతి. కౌలు రాతలో ఉండాలని చట్టం ఎప్పుడో చెప్పింది. ఆంధ్ర ప్రాంతానికి 1956లోనే కౌలుదారీ చట్టం వచ్చింది. 1974 సవరణతో కౌలు కనీస గడువు ఆరేళ్లయింది. కౌలుదారుకి రక్షణ ఇద్దామని చేసిన ఏర్పాటది. ఆసామి చెవికి అది మరోలా వినిపించింది: రాసిస్తే పొలం పోతుంది. అప్పట్నించీ రాయడం మానేశారు. మాట మీద నడవడానికి ఒకరి మీద ఒకరికున్న నమ్మకం కొంత కారణమైతే, కాగితం మీదున్న భయం అంతకంటే పెద్ద కారణం. నాకు తెలిసిన ఓ కౌలు రైతు మాట ఇది: ‘కార్డుకి సంతకం పెట్టమని నేనడిగితే, ఆయన మీద నాకు నమ్మకం పోయిందని అనుకుంటాడు. వచ్చే ఏడు పొలం ఇంకోడికిస్తాడు.’

ఆ కార్డు సంగతి చెప్పాలి. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో దాని బదులు పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పత్రం గడువు పదకొండు నెలలే, యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, భూమి మీద ఏ హక్కూ రాదని అందులోనే ఉంది. పదకొండు నెలలన్న లెక్క మీ ఇంటి అద్దె అగ్రిమెంటులోనూ ఉంటుంది, ఏడాది దాటిన కౌలుకైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. ఆసాముల భయం తీర్చడానికి ఇంత దిగి వచ్చినా సంతకాలు పెట్టనివాళ్లు చాలామందే ఉన్నారు.

దీని ఖరీదు తుపాను వచ్చిన ఏడు తెలుస్తుంది. ఈ-క్రాప్‌ పంట నమోదులో ఆసామి పేరే ఉంటే పంట నష్టం డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ధాన్యం ఆయన పాసుపుస్తకం మీద అమ్మితే ఆ డబ్బూ అంతే. ఫోను చేసి ‘అయ్యగారూ, డబ్బు పడిందా అండీ’ అని అడగాలి. చాలామంది ఆసాములు ఆ సాయంత్రమే పంపేస్తారు. పంపనివాడి మీద ఫిర్యాదు చేయడానికి కౌలు రైతు చేతిలో ఏమీ ఉండదు. నా మటుకు నాకు ఇది నమ్మకం అనిపించదు. నమ్మకమంటే ఇద్దరికీ వదిలేసుకునే వీలుండాలి. ఇక్కడ ఒకడికి ఉంది, ఒకడికి లేదు.

లాక్టోమీటరును మోసం చేయడం తేలిక

పాలల్లో నీళ్లు కలిపితే లాక్టోమీటరు పట్టేస్తుందని అందరికీ తెలుసు. అది కొలిచేది సాంద్రతని. నీళ్లు కలిస్తే సాంద్రత తగ్గుతుంది, గొట్టం లోపలికి మునుగుతుంది. కానీ వెన్న తీసేస్తే సాంద్రత పెరుగుతుంది. కాబట్టి ముందు కొంత వెన్న తీసి, తర్వాత కొన్ని నీళ్లు పోస్తే గొట్టం మళ్లీ మొదటి చోటే నిలబడుతుంది! రెండు తప్పులు కలిసి ఒక మంచి పాలయ్యాయన్నమాట. ఈ తిరకాసు ప్రపంచంలో పాలు అమ్మే ప్రతి పల్లెకీ తెలిసే ఉంటుంది.

దీనికి మందు 1890లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దొరికింది. స్టీఫెన్ బాబ్‌కాక్ అనే ఆయన సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, గిర్రున తిప్పి, పాలలో వెన్న ఎంతుందో తేల్చే పరీక్ష కనిపెట్టాడు. పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా వాడుకోండన్నాడు. దాదాపు అదే రోజుల్లో స్విట్జర్లాండులో గెర్బర్ చేసిన పరీక్ష మన దేశంలో పాతుకుపోయింది. అప్పటిదాకా చెంబు కొలతతో కొనేవాళ్లు. అప్పుడు చిక్కటి గేదె పాలు పోసే అమాయకుడూ, నీళ్లు కలిపే గడుసువాడూ ఒకే ధర పట్టుకుపోయేవాళ్లు. వెన్న శాతం మీద డబ్బివ్వడం మొదలయ్యాక నీళ్లు కలిపినవాడు తన గోతిలో తానే పడ్డాడు.

మా వైపు పాల కేంద్రం తెల్లవారుజామున తెరుస్తారు. ఆడవాళ్లు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడతారు, చిన్న గరిటెతో శాంపిల్ తీస్తారు, ఇప్పుడైతే యంత్రం అర నిమిషంలో వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం చీటీ మీద కొట్టిస్తుంది. దాంతో గొడవలు ఆగాయనుకుంటే పొరపాటు. ఒకప్పుడు పక్కింటావిడ మీద ఉన్న అనుమానం యంత్రం మీదకి మళ్లిందంతే. ‘ఈ మిషను మా గేదెకి ఎప్పుడూ అరపాయింటు తక్కువే చూపిస్తది’ అన్న మాట ఏ ఊరి కేంద్రంలోనైనా వినొచ్చు. ఆవిడ అన్నది నిజమయ్యే వీలూ ఉంది. యంత్రాన్ని సరిచూసేవాడు ఒకడుంటాడు, వాణ్ని నమ్మాలి కదా.

విజయ పాల ప్యాకెట్లు అందరికీ తెలుసు. విజయవాడలోని కృష్ణా పాల యూనియన్ పూర్తి పేరులో ‘పరస్పర సహాయ’ అన్న మాటలు ఉన్నాయని ఎంతమంది గమనించారు? 1995లో ఉమ్మడి రాష్ట్రం పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. ప్రభుత్వం వాటా డబ్బు పెట్టదు, కాబట్టి పాలకవర్గాన్ని ఇష్టమొచ్చినప్పుడు రద్దు చేసి అధికారిని కూచోబెట్టడమూ ఉండదు. సభ్యుల డబ్బు, సభ్యుల పెత్తనం. ఇలాంటి చట్టం దేశంలో మొదట చేసింది మనమే, ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి.

విస్కాన్సిన్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. బాబ్‌కాక్ పనిచేసిన ఆ విశ్వవిద్యాలయంలోనే న్యాయశాస్త్రం చెప్పే స్టూవర్ట్ మెకాలే 1963లో ఒక వ్యాసం రాశాడు. 43 కంపెనీలు, ఆరు లాయర్ల సంస్థలకు చెందిన 68 మందిని కూచోబెట్టి అడిగాడు: మీరు ఒప్పందాలు ఎలా చేసుకుంటారు, గొడవొస్తే ఏం చేస్తారు? తేలింది ఏమిటంటే, అంత చట్టాల దేశంలోనూ చాలా లావాదేవీలు ఫోను మీద, మాట మీద నడుస్తున్నాయి. ఆర్డరు మధ్యలో ఆపేసినా కాంట్రాక్టు తిరగేసేవాడు తక్కువ, ‘సర్లే, ఏదో ఒకటి చూద్దాం’ అనుకోవడమే ఎక్కువ. లాయర్ని పిలిస్తే సంబంధం చెడుతుందని వాళ్ల భయం. పామర్రు కౌలు రైతు భయానికీ దీనికీ ఎంత దూరం ఉంది చెప్పండి.

పాట ఎత్తినవాడు

చీటీల ఆవిడ లేని వీధి మన దగ్గర లేదు. ఇరవై మంది, నెలకి ఐదు వేలు, ఇరవై నెలలు. మొదటి చీటీ నిర్వాహకురాలిదే. తర్వాత నెలనెలా పాట. ఎవరికి డబ్బు తొందరగా కావాలో వాళ్లు ఎక్కువ తగ్గించుకుని పాడుకుంటారు, తగ్గిన మొత్తం మిగిలినవాళ్లకి పంచుతారు. ఈ ఏర్పాటులో నమ్మకం ఎక్కడుందో చూడండి. పాట ఎత్తనివాడు దాచుకున్నవాడు, ఎత్తినవాడు అప్పు తీసుకున్నవాడు. రెండో నెలలోనే ఎత్తిన మనిషి పద్దెనిమిది నెలలు కట్టుకుంటూ పోవాలి. అందుకే తెలివైన నిర్వాహకురాలు ఎవరు ఎప్పుడు ఎత్తారో గుర్తు పెట్టుకుంటుంది, మొదట్లోనే ఆత్రపడేవాడిని వచ్చే చీటీలో చేర్చుకోదు.

మనం సరదాగా మర్చిపోయే విషయం ఏమిటంటే, 1982 నాటి కేంద్ర చిట్‌ఫండ్ల చట్టం వంద రూపాయలు దాటిన ప్రతి చీటీకీ వర్తించేది. వంద రూపాయలు! ఆ హద్దును మార్చి, ఎంత వరకు మినహాయింపు ఇవ్వాలో రాష్ట్రాలకు వదిలిపెట్టింది 2019 సవరణ. అదే సవరణ నిర్వాహకుడి కమీషన్‌ను ఐదు నుంచి ఏడు శాతానికి పెంచింది. చట్టప్రకారం నడిపే చీటీకి రిజిస్ట్రార్ దగ్గర నమోదు ఉండాలి, నిర్వాహకుడు చీటీ మొత్తానికి సరిపడా ముందే హామీ పెట్టాలి. పామర్రు పొరుగున పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1962లో హైదరాబాదులో చిట్‌ఫండ్ కంపెనీ పెట్టాడు. వీధి చీటీలకు మాత్రం ఇవాళ్టికీ ఆవిడ నోట్‌బుక్కే రిజిస్ట్రారు.

అన్ని నమ్మకాలూ ఒడ్డెక్కవు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ గుర్తుందా? ముప్పై రెండు లక్షల మంది దగ్గర ఆరు వేల కోట్లకు పైగా వసూలు చేసి చేతులెత్తేసింది. ఈ ముప్పై రెండు లక్షల మందిలో కంపెనీ ఆఫీసు గుమ్మం చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్లు డబ్బిచ్చింది కంపెనీకి కాదు. పక్కింటి ఏజెంటుకి, వేలు విడిచిన మేనల్లుడికి, పిల్లలకి ట్యూషను చెప్పిన మాస్టారుకి ఇచ్చారు. కంపెనీ మునిగాక జనం వెళ్లింది కూడా ఆ ఏజెంటు ఇంటికే. అప్పటిదాకా ఊళ్లో తలెత్తుకు తిరిగిన మనిషి పొద్దున్నే తలుపు తీయడానికి భయపడే స్థితికి వచ్చాడు. తన పేరు కంపెనీకి అరువిచ్చానని ఆ ఏజెంటుకి అప్పుడు తెలిసింది. 2019లో, మళ్లీ 2021లో చిన్న మొత్తాలవాళ్లకి ప్రభుత్వమే కొంత తిరిగి చెల్లించింది. ఏజెంటుకి పోయిన పేరు తిరిగిచ్చే ఖజానా ఎక్కడా లేదు.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సింది బందరు కథ. పామర్రు నుంచి బందరు ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ డాక్టరుగా పనిచేసి, జాతీయోద్యమంలోకి దిగిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించాడు. 28న వ్యాపారం మొదలైంది. అధీకృత మూలధనం పది లక్షలు, చేతిలో ఉన్న చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆ రోజుల్లో రైతు దగ్గర డబ్బుంటే ఇత్తడి బిందెలోనో, గాదె కిందో ఉండేది. తెలియని కంపెనీకి ఇవ్వమంటే ఎందుకిస్తాడు? ఇక్కడా మధ్యలో మనిషే ఉన్నాడు, కాకపోతే పేరు పెట్టినవాడే పెత్తనం చేశాడు, ఊరు వదిలి పారిపోలేదు. రెండేళ్లకి అదే బందరులో ఆంధ్రా ఇన్సూరెన్సూ ఆయనే పెట్టాడు. బందరులోనే 1929లో పుట్టిన భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు ప్రభుత్వపరమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, నూరేళ్ల పండగకి మూడేళ్ల ఎనిమిది నెలల ముందు. మా వైపు ముసలివాళ్లు ఇప్పటికీ ‘ఆంధ్రా బ్యాంకుకెళ్లొస్తా’ అనే బయల్దేరతారు. బోర్డు మారి అన్నేళ్లయింది కదా అంటే, ‘బోర్డేంటయ్యా, నా డబ్బు అక్కడే ఉందిగా’ అంటారు.

బందరు దాకా వెళ్లాం కాబట్టి చిలకలపూడి కూడా చూసొద్దాం. రోల్డుగోల్డు నగలకి అది పేరు. ‘చిలకలపూడి బంగారం’ అంటే బంగారం కానిదని కొనేవాళ్లకీ తెలుసు, అమ్మేవాళ్లూ దాచరు. ఆ మాటకొస్తే నగల వ్యాపారంలో నిక్కమైన నిజం అక్కడే దొరుకుతుంది. అసలు బంగారానికి 2021 జూన్ 16 నుంచి మొదట 256 జిల్లాల్లో హాల్‌మార్కు తప్పనిసరి చేయాల్సొచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి నగ నగకీ ఆరక్షరాల గుర్తింపు సంఖ్య కొట్టమన్నారు.

మూడేళ్లు

మళ్లీ నోటు దగ్గరికే వద్దాం, ఎందుకంటే జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ‘కోరినప్పుడు చెల్లిస్తాను’ అని రాసిన నోటుకి గడువు మూడేళ్లు. మనం ఎప్పుడు కోరామన్నది లెక్కలోకి రాదు, నోటు మీద వేసిన తేదీ నుంచే మూడేళ్లు నడుస్తాయి. మొహమాటానికి అడక్కుండా ఊరుకున్నా గడియారం తిరుగుతూనే ఉంటుంది. స్టాంపు సంగతి ఇంకా కఠినం. మామూలు పత్రానికి స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి కోర్టులో పెట్టుకోవచ్చు. నోటుకి ఆ సౌకర్యం లేదు. స్టాంపు లేని నోటును సాక్ష్యంగా తీసుకోరు, ఎంత జరిమానా కట్టినా సరే.

గడువు పొడిగించే ఉపాయం మన పెద్దలకి బాగా తెలుసు. దాన్నే చెల్లు వేయించడం అంటారు. మూడేళ్లు నిండకముందే బాకీదారు వచ్చి కొంత కట్టి, నోటు వెనక తేదీతో సహా రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. వంద రూపాయలు కట్టినా చాలు. డబ్బు ఇచ్చి రాయకపోతే లాభం లేదు. మూడేళ్లు నిండాక వేసిన చెల్లూ గడువును బతికించదు. ఆఖరి రోజున కోర్టుకి సెలవైతే, తెరిచిన రోజున వేసుకోవచ్చు. వేసవి సెలవుల తర్వాత సివిల్ కోర్టుల్లో దావాల రద్దీకి ఇదొక కారణం.

గడువు దాటిపోయిందని బాకీ చచ్చిపోదు, దావా వేసే దారి మూసుకుపోతుందంతే. ఆ పాత బాకీ తీరుస్తానని బాకీదారు కొత్తగా రాసి సంతకం పెడితే 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం అది చెల్లుతుంది. రాస్తాడా లేదా అన్నది ఆ మనిషిని బట్టి ఉంటుంది.

ఈ పత్రిక పక్కన పెట్టి ఒక్కసారి బీరువా తెరవండి. పట్టుచీరల కింద, ఇన్సూరెన్సు కాగితాల మధ్య బావమరిది రాసిచ్చిన నోటు ఒకటి ఉండే ఉంటుంది. ముందు తేదీ చూడండి. తర్వాత వెనక్కి తిప్పి చూడండి.